ఎడమ మలుపు

జుంబెర్ బండిని నెట్టుకుంటూ వచ్చాడు.
కుతయిసీలో ఆగస్టు, పగలు మూడు గంటలు.
రియోని నది మీది వంతెన కమ్మీ
చెయ్యేస్తే చురుక్కుమనే వేళ.
"మళ్ళీ ఎర్రదీపం, నాజిబ్రోలా."
చొక్కా జేబులోంచి అగ్గిపెట్టెలంత బోనులు మూడు తీసి
నా నీళ్ళకూజా నీడలో పెట్టాడు.
ఒక్కో బోనులో ఒక్కో రాణి ఈగ,
చుట్టూ నలుగురైదుగురు చెలికత్తెలు.
రాచా కొండల మీద తేనెపెట్టెల వాళ్ళు
వీటి కోసం దారి కాస్తున్నారు.

ముందు తేలికవి చూడాలి.
గుర్రం కుంటితే నాడా చూడు, ఎముక తర్వాత
అనేవాడు నాకు పని నేర్పిన తెమూరి.
రేడియేటర్లో నీళ్ళు నిండుగానే ఉన్నాయి.
ఫ్యూజు తీసి వెలుతురుకెత్తాను,
లోపలి తీగ తెగలేదు.
రిలే టక్కుమంది, మర్యాదగా.
సెన్సర్ వైర్లు రెండూ పిన్నీసుతో కలిపితే
ఫ్యాను గిర్రున లేచింది,
జుంబెర్ నుదుటి చెమట ఆరేంతగా.
ప్రాణం ఉంది, పిలుపే అందడం లేదనుకున్నాను.
తప్పనుకున్నాను.

కొత్త సెన్సర్ బిగించి పంపితే
గంటలో మళ్ళీ వచ్చాడు,
వాలు దారంతా ఇంజిన్ ఆపి దొర్లించుకుంటూ.
ఈసారి పానాలు ముట్టుకోలేదు. అడిగాను.
"ఎక్కడ వెలిగింది?"
"రెండో ఘాట్లో. ఎడమ మలుపు."
"నిన్న?"
ఆలోచించాడు. చేత్తో గాలిలో దారి గీసుకుని చూశాడు.
"అదీ ఎడమే."

ఫ్యాను తిరుగుతుండగా హ్యాండిల్ ఎడమకి తిప్పాను.
మాట మధ్యలో పరాయివాడు గదిలోకొచ్చినట్టు
ఠక్కున ఆగింది.
కుడికి తిప్పినా వెంటనే తేరుకోలేదు,
అలిగినట్టు కాసేపు బిగుసుకుని, అప్పుడు కదిలింది.

ట్యాంకు ఎత్తాను.
మెడ ఎముక వెనక, కట్టలోంచి విడివడి,
ఫ్యాను ఎర్తు వైరు.
మధ్యలో టేపు చుట్టిన అతుకు.
వైరుకి వైరు మెలేసి వదిలేశారు, టంకం చుక్కైనా లేదు.
"ఎవడో పనికిమాలినవాడు" అని మొదలుపెట్టి
వాడి గురువునీ, గురువు గురువునీ కలిపి
ఒక చుట్టు తిట్టాను.
జుంబెర్ తలూపుతున్నాడు.

టేపు కొస గోటికి తగిలింది.
తేలిగ్గా ఊడి రావాలని
చివర చిన్న ముక్కోణంగా మడిచి ఉంది.
ఈ ఊళ్ళో అలా మడిచే చెయ్యి ఒక్కటే.

ఆరేళ్ళ కిందటి జనవరి.
మంచు. వీధంతా కరెంటు లేదు.
రేపు రా, టంకం పెడతానన్నాను.
తను రాలేదు. నేను పిలవలేదు.
బండి మాత్రం అన్నేళ్ళూ
ఆ రేపు కోసం ప్రతి ఎడమ మలుపులో ఆగి చూసింది.

"ఎవరి పనంటావు?" అన్నాడు.

కూజా పక్కన తడిగుడ్డ కప్పిన బోనుల్లో
చెలికత్తెలు రెక్కలాడిస్తున్నాయి
రాణికి ఉడుకెత్తకుండా.
ఫ్యూజు లేదు, రిలే లేదు,
రేపు చూద్దామన్న మాటా లేదు.

"నాది" అన్నాను.

జుంబెర్ నవ్వలేదు, కోప్పడలేదు.
టంకం కరిగి వెండిచుక్కై నిలిచేదాకా
దీపం పట్టుకుని నిలబడ్డాడు.
తర్వాత తనే హ్యాండిల్ పట్టి
కొసదాకా ఎడమకి తిప్పాడు.
ఫ్యాను ఆగలేదు.
ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి.
బోనులు జేబులో వేసుకున్నాడు.
సెన్సర్ డబ్బులు తిరిగిచ్చాను, లెక్కపెట్టే తీసుకున్నాడు.

అతుకు మీద కొత్త టేపు చుట్టేటప్పుడు
కొస మళ్ళీ ముక్కోణంగానే మడిచాను.
రేపు విప్పినవాళ్ళకి
తిట్టడానికి మనిషి దొరకాలి కదా.