దా

ఈ ఊరి పేరు నాకింకా నోరు తిరగలేదు.
"నాలిక 'ల' దగ్గర ఆనించు, పలక్కు, ఊదు"
అంటుంది పక్కింటి గ్వెన్లియన్.
ఊదాను.
కప్పులో టీ చల్లారింది గానీ
ఊరు నోట్లోంచి బయటికి రాలేదు.

మందుల షాపులో చీటీలు చదివే పని నాది.
ఏ వానకి ఎవరి మోకాలు సలుపుతుందో
మబ్బు కన్నా ముందు నాకు తెలుస్తుంది.
ఆ మోకాళ్ళలో ఒక జత ఇడ్వాల్‌వి.
మాత్రల సంచీ అందుకుని కూడా కదల్లేదు ఒకరోజు.
గొర్రెలన్నీ అమ్మేశాడట.
సముద్రం పక్కన చిన్న ఫ్లాటు, కుక్కల్ని రానివ్వరట.
"నీకు తోట ఉందిగా" అన్నాడు.
మంచమంత గడ్డి, ఒక బట్టల తీగ.
ఉందన్నాను.

అలా వచ్చింది మోట్.
తొమ్మిదేళ్ళు. నలుపూ తెలుపూ. ఒక కన్ను మాత్రం నీలం.
ఇంగ్లీషు ముక్క రాదు.
"సిట్" అంటే కిటికీలోంచి బయటికి చూసేది,
ఎవరో వీధిలో ఎవరినో అంటున్నట్టు.
దాని కోసం నేనే బళ్ళో పడ్డాను.
కూర్చోడానికి ఐస్తెద్, ఆగడానికి అరోస్,
మంచి పని చేస్తే, దా.

అక్కడే వచ్చింది చిక్కు.
నా నోటికి దా అంటే ఒకటే అర్థం.
అన్నం చల్లారిపోతోంది దా,
చీకటి పడింది దా,
అలిగింది చాల్లే, దా.
కొండదారిలో వాన అందుకున్నప్పుడు
"దా మోట్, దా" అని గొంతు చించుకుంటాను.
అది ఉన్నచోటే కూలబడి
తోకతో బురద చిమ్ముతూ మురిసిపోతుంది.
నేను పిలుస్తున్నాననుకుంటాను.
అది పొగుడుతున్నాననుకుంటుంది.
గోడ అవతల నుంచి గ్వెన్లియన్,
"ఇంతకీ ఏం ఘనకార్యం చేసిందమ్మా?"

పోస్టాఫీసులో పిల్లి పార్సిళ్ళ తక్కెడ మీదే పడుకుంటుంది.
నెరిస్ దాన్ని లేపదు.
నీ పొట్లం దాని పొట్ట మీద ఆనించి
నాలుగు కిలోల రెండొందలు తీసేసి
మిగిలినదానికి స్టాంపులు చింపుతుంది.
శీతాకాలం మరో వంద గ్రాములు తీసేస్తుంది.

మంగళవారం ఒక గంట ఎండ కాసింది.
ఊరంతా తీగలెక్కింది, దుప్పట్లు, మేజోళ్ళు,
చర్చి పాటలవాళ్ళ తెల్ల చొక్కాలు.
మొదటి చినుకు ఎవరి మీద పడితే వాళ్ళు కేకెయ్యాలి,
అదే ఇక్కడి చట్టం.
ఆ కేక ఇంటింటికీ పాకి మా గోడ దాటేలోపు
పెనం మీద గ్వెన్లియన్ ఎండుద్రాక్ష బిళ్ళలు మాడాయి.
మాడినవి మోట్‌కి, నాకూ.
మాడినవే బావుంటాయి, ఎవరికీ చెప్పకండి.

ఆదివారం సాయంత్రం ఇడ్వాల్ ఫోను చేస్తాడు.
నాతో రెండు ముక్కలు, వాన గురించి.
తర్వాత ఫోను కుక్క చెవి దగ్గర పెట్టమంటాడు.
ఏవేవో చెబుతాడు, ఎక్కువ భాగం నాకు తెలీదు.
చివర్లో మాత్రం ఎప్పుడూ
దా, మోట్, దా.
అది కళ్ళు మూసుకుని తోకతో నేల తుడిచేది.

మొన్న ఆదివారం తుడవలేదు.
లేచింది.
ఫోనుని ఒకసారి వాసన చూసి
వసారా దాటి వీధి తలుపు దగ్గరికెళ్ళి
ముక్కు సందుకి ఆనించి నిలబడింది.
నా వైపు తిరిగింది, తియ్యవేం అన్నట్టు.

ఎనిమిది నెలలు, ఎన్ని పూటల అన్నానికి పిలిచానో.
అది నేర్చుకుంది.
నేనే చూసుకోలేదు.

"తోక ఊపుతోందా?" అడిగాడు ఇడ్వాల్.
ఊపుతోందన్నాను.
"అక్కడ వాన పడుతోందా?"
పడుతోందన్నాను.
ఆ రెండోది నిజం.

తర్వాత చెప్పులేసుకున్నాను, గొడుగు వెతకలేదు.
బస్టాపు దాకా వెళ్ళాం ఇద్దరం.
ఆదివారం బస్సుండదు.
అక్కడ కాసేపు కూర్చున్నాం.
ఏమని పిలవాలో తోచక
ఈసారి నేనే దాని వెనక నడిచాను.