నాలుగు లెక్కపెట్టేలోగా

నైరోబీ, లుథులీ వీధి. మెట్ల కింద కొట్టు.
అబ్దిరిజాక్ రెండు ఫ్లాష్‌లు బల్ల మీద పెట్టాడు.
ఒకటి నా మూడు నెలల అద్దె.
రెండోది ఎవరో వాడి వదిలేసింది,
బ్యాటరీ మూతకి రబ్బరు బ్యాండు.

"మెడ తిరుగుతుందా?"
కిర్రుమంటూ తిరిగింది.
పైకప్పుకేసి కొట్టాను.
పెచ్చులూడిన సున్నం మీద పడి
వెలుగు మెత్తబడి దిగింది
అతని నల్లటి చెంప మీదకి,
గడ్డంలో నెరిసిన రెండు వెంట్రుకల దాకా.

పోయిన నెల చర్చిలో
పెళ్లికూతురి నాయనమ్మ, నా ఫొటోలో,
ఒట్టి తెల్ల తలగుడ్డ.
ఆవిడేమీ అనలేదు.
ఫొటో తిప్పి చూసింది,
వెనకాల ఉందేమోనన్నట్టు తన ముఖం.

మళ్లీ నొక్కాను. ఎర్రదీపం వెలగడానికి
ఒకటి, రెండు, మూడు,
నాలుగు.
ఈలోగా ఒక నవ్వు వచ్చి వెళ్లిపోవచ్చు.

తగ్గించమన్నాను.
తగ్గించలేదు.
ఇంకో రబ్బరు బ్యాండు ఇచ్చాడు.