కొసరు

కౌనాస్‌లో తెల్లవారుజాము నాలుగు.
నది మీద మంచు పెళపెళమంటోంది.
మా ఆయన రిమ్విదాస్ ఇంకా రేక్‌బ్యాక్ లెక్కలోనే ఉన్నాడు.

ఒక సైటు, ముక్కలు అందుకున్న అందరి పేరునా
కోతను సమానంగా రాస్తుందట.
చూసి పడేసినా సరే,
పంక్తిలో కూర్చున్నందుకు ఒక విస్తరి.
ఇంకోటి, ఎంత ఒడ్డితే అంతకే.
మూడోది గెలిచినవాడి పేరే రాసుకుంటుంది
(ఈ నెల ఆ పేరు ఈయనది కాదు).

ఆచితూచి ఆడేవాడికి మొదటిదే మేలని
కాగితం చిరిగేలా గీత గీశాడు.
ఆటలో పోయింది నాలుగొందల పన్నెండు యూరోలు.
అందులో వాళ్లు కోసుకున్నది మూడొందల తొంభై,
దాని మీద ముప్ఫై శాతం
"నూటపదిహేడు వెనక్కొస్తుంది!"
గెలిచిన గొంతుతో అన్నాడు.

చేపల సంతకు బయల్దేరిన మా అమ్మ గెనొవైతె
ఒక బూటు తొడుక్కుని ఆగింది.
త్రాసు పళ్లేనికి బొటనవేలు ఆనించి తూచడం,
ఆపైన ఓ చిన్న చేప విసరడం
ముప్ఫై ఏళ్లుగా ఆమె పని.

"కొసరు పడ్డాక
మళ్లీ తూచమని ఎవరూ అడగరు, అల్లుడూ."

రెండో బూటు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఆయన కాగితం మీద నాలుగో గడి గీశాడు,
పైన ఏమీ రాయలేదు.
ఆరింటికి ఇంకో టేబుల్ తెరుస్తారు.