మరిచినవి

ఫారంలో మొదటి ప్రశ్న:
నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి
ఈ పొద్దు లేచేదాకా ఏమేం తిన్నారు?

లింగాల అవతల, పదిహేడో నంబరు ఇల్లు.
ఈదమ్మ చాట పక్కకు నెట్టింది.
"ఏం తింటం బిడ్డా, బువ్వ, పప్పు.
మాపటికి గదే బువ్వ, గదే పప్పు."

బియ్యం ఒకటి. కంది రెండు.
ఎంత తిన్నదో చూపమని కొలగిన్నె చాపితే
నవ్వింది: "పిల్లికి పెడతరా దీంట్ల?"

శిక్షణలో చెప్పారు,
జవాబు అయిపోయిందనుకున్న చోట ఆగొద్దని.
మరిచిన వాటి కోసం రెండోసారి తిరగమని:
నిలబడి తిన్నవి, నడుస్తూ తిన్నవి,
కొననివి, వండనివి,
తిండి అని ఎవరూ పిలవనివి.

"కలుపుకు పోయినప్పుడు నోట్లో ఏమైనా వేసుకున్నవా?"
"అదేం తిండి? ఉత్తగ."

ఉత్తగ రెండు బుడమకాయలు, కొంగుకు తుడిచి.
ఉత్తగ గట్టు మీది కాశపండ్లు, మనుమరాలితో పంచుకొని.

"మరి పప్పుల ఏం కలిపినవ్?"
"ఆకు."
"ఏ ఆకు?"
"చేన్ల ఆకు."
ఊరుకున్నాను. ఊరుకుంటే చెప్పింది,
వేళ్లు ముడుస్తూ:
దొగ్గలి, గునుగు, తుమ్మి, గంగవాయిలి,
బొటనవేలు దగ్గర ఆగి, జొన్నచెంచలి.

ఫారంలో వీటన్నిటికీ ఒకటే గడి:
ఆకుకూరలు, ఇతర.
ఒక్క టిక్కు పెట్టి
ఐదు పేర్లూ అంచున పెన్సిలుతో రాసుకున్నాను,
ఆమె నోట పలికినట్టే.

పేరు చాలదు, మొక్క కావాలి.
పాత పేపర్ల కట్ట చంకన పెట్టుకొని ఆమె వెంట నడిచాను.
పక్క చేన్లో మొన్ననే గడ్డిమందు కొట్టారు.
పత్తి సాళ్ల మధ్య నేల
ఊడ్చిన వాకిలిలా ఉంది.
ఆమె ముక్కుకు కొంగడ్డం పెట్టుకుంది.

నాలుగు దొరికాయి. వేరుతో, పువ్వుతో,
పేపర్ల మధ్య పడుకోబెట్టాను.
ఐదోదాని కోసం గట్టు పొడుగునా వంగి వంగి చూసింది.
ఈ నేలలో జొన్న పోయి పదేళ్లాయె,
పేరులో మాత్రం మిగిలింది.

రాయి పక్కన ఒకటి. ఒకటే.

నేను కుర్పి దించబోతే
నా మణికట్టు పట్టుకుంది.
"వేరు ఉండనీ. కొస తుంచుకపో."

మాన్యువల్లో రాసి ఉంది,
వేరు లేని నమూనా చెల్లదని.

రాత్రి అచ్చంపేట లాడ్జిలో
వాడిపోతున్న ఆ కొసను పేపరుకు అంటించి
కింద రాశాను:
నమూనా అసంపూర్ణం.
కారణం అన్న గడి
ఇంకా ఖాళీగానే ఉంది.