ఖాళీ గడి

మందల్‌గోవిలో ఆ ఫిబ్రవరి
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు కట్టింది.
పశుగణన ఆఫీసులో నాకది పదకొండో రోజు.
వెచ్చగా ఉండేది సర్వర్ గది ఒక్కటే,
అందుకని టీ ఫ్లాస్కు, చేతి తొడుగులు, దంబదర్జా గారి పిల్లి
అన్నీ అక్కడే.

అంతకు ముందు వారమే నేనొక ఘనత సాధించాను.
ఇళ్ల టేబుల్‌నీ ఊళ్ల టేబుల్‌నీ
ఏ షరతూ లేకుండా జాయిన్ చేశాను.
రెండు వేల నూరు ఇళ్లు, పదిహేను ఊళ్లు.
ప్రతి కుటుంబమూ ప్రతి ఊళ్లోనూ కాపురం పెట్టింది.
ముప్పై ఒక్క వేల ఐదు వందల వరుసలు
స్క్రీన్ మీద దుమ్ము రేపుకుంటూ పోతుంటే
"ఇన్ని ఒంటెలకి గోబీ చాలదు నొమిన్‌జుల్" అన్నాడాయన,
పిల్లిని కీబోర్డు మీంచి దించుతూ.

ఆ బుధవారం పై నుంచి ఫోను.
మంద మొత్తం పోయిన ఇళ్లెన్ని?
సాయంత్రానికి పిండి, బొగ్గు లారీలు కదలాలి.
ఖాళీ గడి అంటే ఏమీ మిగల్లేదనే కదా!
సంఖ్య సమానం నల్, అని రాసి కొట్టాను.
ఒక్క వరుసా రాలేదు.
ఎర్ర అక్షరాలు లేవు, తప్పని అరవనూ లేదు.
మర్యాదగా, ఎవరూ లేరంది.
నేను సంతోషించాను కూడా.

దంబదర్జా కళ్లజోడు నుదుటికి ఎత్తాడు.
"తెలియనిదాన్ని దేనితో సమానం అంటావమ్మా?
ఇంకో తెలియనిదానితో కూడా కాదు."
సమానం చెరిపి
'ఈజ్ నల్' అని రాశాడు.
నలభై మూడు ఇళ్లు
మంచులోంచి తలలెత్తాయి.

కాగితం మీద నలభై మూడు వేయబోతుంటే
నా పెన్ను పట్టుకుని ఆపాడు.
"వీళ్లు పోగొట్టుకున్నవాళ్లని ఎవరు చెప్పారు?
వీళ్ల దగ్గరికి మనమే వెళ్లలేదు."

సున్నా వేరే గడిలో ఉంది.
సున్నా అంటే
ఎవరో వెళ్లి, లెక్కపెట్టి, తిరిగొచ్చారు.
అవి ఆరు ఇళ్లు. మొదటిది గొంబోజావ్‌ది.
సోమవారం గుర్రం దిగి, టోపీ తీయకుండానే
తన సంఖ్య తానే చెప్పి వెళ్లాడు.

ఇక్కడితో ఆగితే ఇది పాఠమయ్యేది.
నాలుగింటికి నేను ఉర్త్‌నసన్ మేకల్ని సరిదిద్దబోయాను.
రెండు వందల ఇరవై ఒకటి కాదు, పన్నెండు.
అప్‌డేట్ రాశాను. సంఖ్య రాశాను.
ఎవరివో చెప్పే 'వేర్' రాయడం మరిచాను.

రెండు వేల నూరు వరుసలు మారాయి, అంది మెషీన్.
కోటీశ్వరుడికీ రెండు వందల పన్నెండే.
గొంబోజావ్‌కీ రెండు వందల పన్నెండే.
అంత సమానత్వం
ఏ విప్లవమూ తేలేదు.
చేతులు కాలాక ఆకుల్లా రోల్‌బ్యాక్ కొట్టాను.
బిగిన్ అనకుండా మొదలెట్టినదానికి
వెనక్కి దారి ఉండదట.

ఆయన కోప్పడలేదు.
సొరుగులోంచి శుక్రవారం బ్యాకప్ తీశాడు.
ప్రతి వారం దాన్ని ఓ పాత ల్యాప్‌టాప్‌లో
పోసి చూసుకునేవాడని ఆరోజే తెలిసింది.
"తెరిచి చూడనిది బ్యాకప్ కాదు, నమ్మకం."

శుక్రవారం దాకా అన్నీ తిరిగొచ్చాయి.
సోమ, మంగళ, బుధ రాలేదు.
రాత్రంతా ఫోన్లు చేశాం.
ఒకాయన విసుక్కున్నాడు, ఒకావిడ
మేకపిల్లల పేర్లతో సహా చెప్పింది.

గొంబోజావ్ ఫోన్ ఎత్తేసరికి పన్నెండు దాటింది.
"చెప్పాను కదా" అన్నాడు.
అవునన్నాను. పోయిందన్నాను. నా వల్లే అన్నాను.
అవతల పొయ్యిలో ఏదో చిటపటమంది.
"సున్నా" అన్నాడు మళ్లీ.

ఇప్పటికీ నేను వేర్ ముందు రాస్తాను,
తర్వాతే మిగతాది.
ఎన్ని వరుసలు తగులుతాయో సెలెక్ట్‌తో చూస్తాను,
బిగిన్ అంటాను, ఊపిరి తీసుకుంటాను.

ఏప్రిల్‌లో దారులు తెరిచాక
నలభై మూడూ ఒక్కొక్కటే నిండాయి.
చివరిది త్సెండ్‌ఆయుష్ అనే ముసలావిడది.
నడిచి వచ్చి, బల్ల మీద చేతి తొడుగు పెట్టి
"ఏడు" అంది, గర్వంగా.