ఇరవై ఎనిమిదో రోజు

సొహార్‌ల, ల్యాబ్ ఎనక తొట్టిల
ఈతమట్టల బూడిద కలిపిన సిమెంటు దిమ్మెలు
నెల్నాళ్లుగా నానుతున్నయి.

బొమ్మ గీసే బుసైనా మేడం అంటది:
గోడ పల్చగుండాలె, గాలి దూరాలె.
లెక్కలేసే వర్గీస్ సార్ అంటడు:
మరి బరువు ఎటు దిగాలె?
ఏడాదిగా ఇదే పంచాయితి,
ఒక్క ఫ్లాస్కు చాయ్ మీద.

మిషన్ల పెట్టి పలగ్గొట్టేది నేను.
ముప్పై. ముప్పై రెండు.
సూది వణికింది.
ముప్పై నాలుగు దాటినంక టప్పుమన్నది.
ఇద్దరూ ఒక్కటే పెన్నుకు చెయ్యి చాపిండ్రు.

పెరట్ల నమూనా కమాను, బెత్తెడు మందం.
మిట్టమధ్యాహ్నం దాని కింద నిలబడ్డ:
బరువును నేలకు దించుతున్నది,
నీడను గూడ.

నిరుడు సెంట్రింగు మీద
ఎండకు సొమ్మసిల్లిన లింబాద్రి యాదికొచ్చిండు.

పొద్దుగూకినంక ముక్కలు ఊడ్చి
బస్సెక్కి క్యాంపుకు పోయిన.
మా రూము కప్పు
ఇంకా రేకే.