చెవి గాటు

ఇంజను ఆపేశాను.
ఐదు టన్నుల ఒళ్లు ఎండుటాకుల మీద
దూదిమూటలా వస్తుంది, వినపడదు.
ముందు కడుపులోని గుడగుడ,
తర్వాత కొమ్మ విరిగిన చప్పుడు,
ఆ తర్వాతే ఏనుగు.

వెనక సీట్లో ఇంగున్ గారు ఊపిరి బిగబట్టారు.
ఆవిడ లెన్సు నా మోచేతి పొడవు.
నార్వేలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి
పింఛను డబ్బుతో మా లువాంగ్వా దాకా వచ్చారు.
అది చెట్టుకు నుదురానించి ఒక్క ఊపు ఊపింది.
నారింజరంగు కాయలు జలజలా రాలాయి.
టకటకటక, టకటక.
జీతానికి చెప్పాల్సినవి నేను చెప్పాను:
మగది, నలభై దాటి ఉంటుంది,
కుడి దంతం ఎక్కువ అరిగింది, కుడివాటం.
చెవులు విప్పితే కదలకండి.

విప్పింది.

కాసేపటికి కెమెరా నా చేతికిచ్చారు, చూడమని.
అరచెయ్యంత తెరమీద
ఎడమ చెవిని పెద్దది చేశారు, ఇంకా పెద్దది.
కింది అంచున గాటు,
ఎలక కొరికిన రొట్టెలా.

ఈ చెవి నాకు తెలుసు.
పోయిన అమావాస్యకి మా గాదె మట్టిగోడ కూలింది.
జెలీపా పిన్ని రేకుడబ్బా వాయిస్తూనే ఉంది.
మిరపకారం, ఏనుగుపేడ కలిపిన ఇటుకలు
నేనే ముట్టించాను. గాలి మా మీదికే తిరిగింది.
మేం దగ్గుతుంటే, కళ్లు తుడుచుకుంటుంటే
బంతిలో కూచున్న పెళ్లివారిలా తీరిగ్గా
నాలుగు బస్తాల మొక్కజొన్న తినేసింది.
టార్చి ఆరిపోయాక
ఆ గాటులోంచి ఒక చుక్క కనపడింది.

తెల్లారాక పిన్నే పేరు పెట్టింది: అల్లుడు.
"పొలంలో ఒక్కనాడూ నడుం వంచడు,
తిండివేళకి మాత్రం వస్తాడు."

అటవీ ఆఫీసులో అడిగారు, ఏ ఏనుగు, ఫొటో ఉందా అని.
లేదంటే కాగితం మడిచి పక్కన పెట్టారు.
ఉంటే తుపాకీ బయల్దేరుతుంది.

ఇప్పుడుంది,
నా చేతుల్లో, ఎండకి వేడెక్కి.

"దీనికి పేరుందా?" అన్నారు ఇంగున్ గారు.
లేదండీ అన్నాను.
పట్టీ ఆవిడ మెడలో పడేదాకా
కెమెరా వదల్లేదు.
ఇంకోటి తీసుకోండి, వెలుగు బాగుంది అన్నాను.

రాత్రి పిన్నికి ఫోను చేశాను.
పొద్దున అలికిన గోడ ఇంకా ఆరలేదంది.
అల్లుడు కనపడ్డాడన్నాను.
కాసేపు అటునించి కప్పల అరుపులే.

"చిక్కాడా?"

"లేదు పిన్నీ."